కమాన్ పట్టీకి రెండున్నర వేలా?

కృష్ణపట్నం రేవుకు పోయే లారీ గుంతలో పడి కమాన్ పట్టీ విరిగిందంటే డ్రైవరుకు అది శని, ఆ దారిలోని ముత్తుకూరు కొలిమికి సరుకు. 2008లో రేవు తెరుచుకున్నాక ఈ రోడ్డు మీద బొగ్గు లారీలు, వంటనూనె ట్యాంకర్లు, ఎరువుల లోడ్లు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉన్నాయి. విరిగిన పట్టీ పాత ఇనుము కొట్టుకు, అక్కడి నుంచి కొలిమికి చేరుతుంది. అందులో కార్బన్ దాదాపు 0.6 శాతం ఉంటుంది. ఎర్రగా కాల్చి, సాగగొట్టి, నూనెలో ముంచితే గట్టిపడి పదును నిలుపుకుంటుంది. కొత్త ఉక్కు కొనలేని కమ్మరికి ఇంతకంటే మంచి ఇనుము దొరకదు.

ఆ కొలిమి దగ్గర ఇద్దరు వాదించుకుంటున్నారు. ఒకరు మేనమామ, ఇంకొకరు అల్లుడు. పేర్లతో పనిలేదు. ఇలాంటి మామా అల్లుళ్లు కొలిమి మిగిలిన ఏ ఊళ్లోనైనా ఉంటారు. పలుచోట్ల ముక్కలు ముక్కలుగా నడిచే ఈ వాదనను ఇక్కడ ఒక్క సాయంత్రానికి కూర్చాం. మామ నలభై ఏళ్లుగా కత్తిపీటలు, కొడవళ్లు చేస్తున్నాడు. అల్లుడు చెన్నైలో ఒక పెద్ద హోటల్ వంటగదిలో ఆరేళ్లు కూరగాయలు, చేపలు కోసి వచ్చాడు. అక్కడి వంటవాళ్లు తమ కత్తిని ఇంకొకరిని ముట్టుకోనివ్వకుండా గుడ్డలో చుట్టి ఇంటికి తీసుకుపోవడం చూశాడు. ఆ జపాన్ కత్తుల ధర విన్నప్పటి నుంచి వాడికి నిద్ర సరిగా పట్టడం లేదు.

వాడు గీసిచ్చిన బొమ్మ చూసి మామ ఏడంగుళాల చేపల కత్తి ఒకటి చేశాడు. అంచు సన్నం, వెన్ను మందం, తుమ్మ చెక్క పిడి.

“దీన్నెంతకిస్తావు మామా?”

“ఆరొందలు.”

“చెన్నైలో రెండున్నర వేలకు అమ్మిస్తా.”

“కమాన్ పట్టీకి రెండున్నర వేలా? నన్ను దొంగను చేస్తావా ఏందిరా?”

అల్లుడు ఫోను తీసి లెక్క మొదలుపెట్టాడు. అంకెలన్నీ మామ నోటి నుంచి రాబట్టినవే. ఇనుము 400 గ్రాములు, కిలో 60 చొప్పున 24 రూపాయలు. సర్కారు తుమ్మ బొగ్గు 60. గ్రైండరు బెల్టులు, రాళ్లు 120. పిడి చెక్క, రివిట్లు 100. నూనె, కరెంటు 40. అంటే సామానుకే 344.

“ఆరొందల్లో ఇది పోతే నీకు మిగిలేది 256. ఎన్ని గంటలు చేసినావు దీన్ని?”

“ఆరు.”

“గంటకు 43 రూపాయలు కూడా పడలేదు. చేల పనికి పోయినా ఇంతకంటే ఎక్కువొస్తుంది గదా.”

మామ పటకారు కింద పెట్టాడు. తన రోజు కూలి 900 అని ఆయనే ఎవరికైనా చెబుతాడు. ఆ లెక్కన ఆరు గంటలకు 675 రావాలి. కత్తి ఖరీదు 1,019 అయింది. చాలామంది చేతిపనివాళ్లు ఇలాగే తమ కూలిని తామే మింగేస్తారు. సామాను డబ్బు చేతినుంచి పోతుంది కాబట్టి గుర్తుంటుంది. ఒంట్లోంచి పోయే గంటలు గుర్తుండవు.

“ఇంకోటుంది,” అన్నాడు అల్లుడు ఊపులో. “అయిదు కత్తులు నూనెలో ముంచితే ఒకటి పగులుతుందన్నావు. అయిదింటి ఖర్చు నాలుగింటి మీద పడాలి. 1,019ని అయిదుతో గుణించి నాలుగుతో భాగిస్తే…”

“ఆగాగు. పగిలేది పిడి ఎయ్యక ముందే గదా? పిడి కర్ర ఎందుకు కలిపినావు? సాన కూడా సగమే అయ్యుంటుంది ఆ పాటికి. పగిలిన దాని మీద నాకు పోయేది అయిదొందలు. దాన్ని నాలుగింటికి పంచు, 125.”

లెక్క సరిపోయింది. 1,144, పోనీ 1,150 అనుకున్నారు. నలభై ఏళ్లలో ఎప్పుడూ కాగితం మీద పెట్టకపోయినా మామకు తన నష్టం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అణా పైసలతో తెలుసు.

దాని మీద లాభం 350 వెయ్యాలన్నాడు అల్లుడు. కూలి వచ్చాక లాభమెందుకని మామ. బ్లోయరు మోటారు కాలిపోతే, వానల్లో పదిరోజులు పని లేకపోతే ఆ డబ్బు ఎక్కడినుంచి తెస్తావని అల్లుడు. ఇది తేలడానికి రెండు టీలు పట్టింది. చివరికి కొలిమి గడప దాటే ధర 1,500 అని ఒప్పుకున్నారు. షాపు తన రేటులో 40 శాతం ఉంచుకుంటుంది కాబట్టి అద్దాల వెనక చీటీ మీద 2,500.

అసలు గొడవ ఇక్కడ మొదలైంది.

“సమ్మెట కొట్టినోడికి 675. గాజు బీరువాలో పెట్టినోడికి వెయ్యా?”

“వాడికి అద్దె ఉండాది, జీతాలుండాయి మామా. కత్తి నాలుగు నెలలు అట్నే ఉండిపోవచ్చు.”

“అమ్ముడుపోకపోతే?”

“వెనక్కిచ్చేస్తాడు.”

“అప్పుడు వాడికి పోయిందేంది?”

అల్లుడి దగ్గర జవాబు లేదు. మామకు ఉంది. ఒకసారి ఆయన ఒక టౌను కొట్టుకు 40 కత్తిపీటలు అప్పు మీద ఇచ్చాడు. ఎండాకాలం ఇచ్చినవి వానాకాలానికి వెనక్కి వచ్చాయి, 23. అన్నీ తుప్పు. సముద్రపు గాలికి ఉక్కు ఎన్నాళ్లుంటుందో ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. తుప్పు వదిలించడానికి పట్టిన రోజులకు ఎవరూ డబ్బివ్వలేదు.

షాపు 40 శాతం తీసుకోవడం అన్యాయమేమీ కాదు, డబ్బిచ్చి కొనుక్కుంటే. అమ్ముడుపోని సరుకు తనదే, తుప్పు పట్టినా తనదే అనుకున్నప్పుడు ఆ వెయ్యి రూపాయల్లో ఆ భయానికి కూడా ధర ఉంది. అమ్మితేనే డబ్బు, లేదంటే సరుకు వెనక్కి అనే పద్ధతిలో భయమంతా కమ్మరిది. అప్పుడు షాపుకు 20, మహా అయితే 25 శాతం చాలు. భాగస్వామ్యం గురించి మాట్లాడేవాళ్లు ఎంత శాతం అని ముందు అడుగుతారు. మామ అడిగిన ప్రశ్న అంతకంటే ముందుది.

పన్ను దగ్గర మాత్రం ఇద్దరూ ఒక జట్టు. కొడవలి సేద్యపు పనిముట్టు కాబట్టి దాని మీద జీఎస్టీ లేదు. వంటకత్తి మీద 2022 జూలైలో 12 శాతం నుంచి 18కి పెరిగింది. ఒకే కొలిమి, ఒకే పట్టీ, వంపు తిరిగితే సున్నా, నిటారుగా ఉంటే 18. రెండున్నర వేల కత్తి మీద 450. “నాకు 350 మిగిలితే సర్కారుకు 450 మిగిలిందే!” అని మామ చాలాసేపు నవ్వాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల లోపు సరుకు అమ్ముకునే చిన్నవాడికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అయితే సరుకు రాష్ట్రం దాటితే ఆ వెసులుబాటు పోతుంది. జాబితాలో ఉన్న కొన్ని హస్తకళా వస్తువులకు తప్ప. నెల్లూరు నుంచి చెన్నై దాదాపు 175 కిలోమీటర్లు, విజయవాడ దాదాపు 275. దగ్గరి ఊరు పరాయి రాష్ట్రమైంది. కాబట్టి మొదటి షాపు నెల్లూరులోనో విజయవాడలోనో వెతుక్కోవాలని అల్లుడు అయిష్టంగానే ఒప్పుకున్నాడు.

రొయ్యల ప్లాంట్లకు అమ్మితే? ముత్తుకూరులో ఎవరికైనా ముందు తట్టేది అదే. కానీ ఎగుమతి ప్లాంటులో చెక్క పిడిని గేటు దాటనివ్వరు. చెక్కలో తేమ చేరుతుంది, తేమలో క్రిములు చేరతాయి. వాళ్లకు స్టెయిన్‌లెస్ అలుగు, ప్లాస్టిక్ పిడి కావాలి. కమాన్ పట్టీ ఆ పనికి రాదు. ఆ దారి అంతటితో మూసుకుంది.

అల్లుడు చరిత్ర ఎత్తాడు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం గురించి ఎక్కడో చదివాడు. అక్కడి కమ్మర్లు మట్టి మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పారసీక వ్యాపారులు సముద్రాలు దాటి వచ్చేవారు. హెన్రీ వెస్లీ వాయ్సీ అనే సర్వే అధికారి ఆ పనిని కళ్లారా చూసి రాసిపెట్టాడు. ఆయన 1824లో చనిపోయాడు, ఆ వర్ణన 1832లో అచ్చయింది. ఇస్ఫహాన్ వ్యాపారి ఒకాయన కొలిమి దగ్గరే మకాం వేసి, తూకం నుంచి చివరిదాకా దగ్గరుండి చూసుకునేవాడట. వాళ్ల దేశంలో ఇదే ఉక్కు చేయబోయి కుదరక ఇక్కడికి వచ్చారట.

“చూసినావా? కొనేవాడు కొలిమి దగ్గరికే వచ్చినాడు. మంచి సరుకైతే ధర వాళ్లే ఇస్తారు.”

“ఆ కత్తుల్ని ఇప్పుడు ఏమంటారు?”

“డమాస్కస్ కత్తులు.”

“అది యాడుండాది?”

“సిరియాలో.”

“కోనసముద్రమోడి పేరు ఏ కత్తి మీదన్నా ఉండాదా?”

లేదు. మ్యూజియముల్లో ఉన్న మేలైన పారసీక కత్తుల మీద ఇస్ఫహాన్ అసదుల్లా పేరు బంగారు అక్షరాల్లో కనిపిస్తుంది. మూసలో ఉక్కు ముద్ద తీసినవాడి పేరు ఎక్కడా లేదు. మంచి వ్యాపారి దొరికినా, మంచి ధర పలికినా, కొనేవాడి చివరి చిరునామా వ్యాపారి దగ్గరే ఉండిపోతే జరిగేది ఇదే. మామ ఈ కథ వినడం ఇదే మొదలు. అయినా కథలోని లొసుగును తిన్నగా పట్టుకున్నాడు.

“అయితే అమెరికాలో ఒకాయనున్నాడు,” అల్లుడు వదల్లేదు. “బాబ్ క్రేమర్ అని. చేత్తో చేసిన కత్తుల్ని వేలం వేస్తాడు. ఆంథోనీ బోర్డెయిన్ అని పేరున్న వంటాయన దగ్గర ఆయన చేసిన కత్తి ఒకటుంటే, 2019లో వేలంలో 2,31,250 డాలర్లకు పోయింది. అందులో ఉల్కల ఇనుము కూడా కలిపినాడు.”

“ఆ వంటాయనే అమ్మినాడా?”

“ఆయన అంతకుముందు ఏడాదే పోయినాడు.”

“మరింగేం! అది కత్తి ధర కాదురా, పోయినాయన చెయ్యి ధర. మన కత్తి పట్టుకుని నువ్వు పోతే ఎవడిస్తాడు?”

మామ మాట పెళుసు. కానీ క్రేమర్ దగ్గర నేర్చుకోవాల్సింది వేలం ధర కాదు, ఆయన పని విడదీసుకున్న తీరు. తన గీత, తన పేరు జర్మనీ కంపెనీ జ్విల్లింగ్‌కు ఇచ్చాడు; ఆ కత్తులు జపాన్‌లోని సెకిలో ఫ్యాక్టరీలో తయారై షాపుల్లో అమ్ముడవుతాయి. సొంత కొలిమిలో చేసినవి మాత్రం తనే అమ్ముకుంటాడు. రెండూ క్రేమర్ కత్తులే అయినా వస్తువులు వేరు, ధరలు వేరు, కొనేవాళ్లు వేరు. ఒకదాని ధర ఇంకొకదాన్ని చెడగొట్టదు.

జపాన్‌లోనే సకాయ్ అనే ఊళ్లో ఇంకో పద్ధతి ఉంది. ఉక్కు సాగగొట్టేవాడు ఒకడు, పదును పెట్టేవాడు ఇంకొకడు, పిడి తొడిగేవాడు మరొకడు. ముగ్గురి చేతులూ దాటాక టోకు వ్యాపారి అమ్ముతాడు, చాలాసార్లు ఆయన పేరుతోనే. తరాలుగా ఆ ఏర్పాటు నిలబడింది. ఎవరి కూలి ఎంతో అక్కడ ముందే తెలుసు.

పిడి మాట రాగానే అల్లుడికి ఉదయగిరి గుర్తొచ్చింది. ఉదయగిరి కూడా నెల్లూరు జిల్లానే. చుట్టూ కొండల్లో దొరికే చెక్కతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కుతారు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. లేపాక్షి దుకాణాల్లో అమ్ముతారు. “పిళ్లు వాళ్ల దగ్గర చేయిద్దాం మామా. అలుగు ముత్తుకూరుది, పిడి ఉదయగిరిది. ఎర్రచందనం పిడైతే అయిదు వేలకైనా పోతుంది.”

ఎర్రచందనం పేరు వినగానే మామ చుట్టూ చూశాడు. ఆ చెట్టు శేషాచలం, వెలిగొండ అడవుల సొత్తు. అనుమతి పత్రం లేని ముక్క ఒక్కటి దొరికినా కేసు. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద కూడా కట్టుబాట్లున్నాయి. “రెండున్నర వేల కత్తికి పిడి ఏసి, రెండున్నరేళ్లు లోపల కూర్చోమంటావా?” ఉదయగిరి చెక్క మాత్రం ఆయనకు నచ్చింది. తుమ్మ పిడి ఎండకు నెర్రెలిస్తుందని ఆయనకూ దిగులే.

అలాంటిదే ఇంకో జాగ్రత్త కూడా ఆయనే చెప్పాడు. ఫోనులో బొమ్మలు పెడితే ముందు వచ్చేది వంటవాళ్లు కాదు, కత్తులు తిప్పుకునే కుర్రాళ్లు. అలుగు 9 అంగుళాల కంటే పొడవున్నా, 2 అంగుళాల కంటే వెడల్పున్నా, అది ఇంటి పనికో సేద్యానికో పరిశ్రమకో చేసింది కాకపోతే ఆయుధాల చట్టం కిందికి వస్తుంది. అడిగినవాడికి అడిగినట్టు చేసిచ్చే వ్యాపారంలో కాదనడం కూడా పనిలో భాగమే. కాదన్న ప్రతి ఆర్డరూ భాగస్వామికి నష్టంలాగే కనిపిస్తుంది.

“సరే మామా, మనిద్దరం చెరిసగం. కాగితాలెందుకు, సొంతోళ్లం గదా.”

కాగితమంటే వెనక్కి తగ్గేది మామే అనుకుంటాం. ఆయన కాగితం కావాలన్నాడు.

ఎందుకో చెప్పడానికి పడవల సంగతి ఎత్తాడు. వలకో ఇంజనుకో వ్యాపారి అడ్వాన్సు ఇస్తాడు. వడ్డీ అడగడు. పట్టిన చేప మాత్రం ఆయనకే వెయ్యాలి, ఆయన చెప్పిన రేటుకే. చెరువుల్లోనూ అంతే, మేత అప్పు ఇచ్చిన డీలరు దగ్గరికే రొయ్య వెళ్తుంది, కౌంటు ఆయనే తేలుస్తాడు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ కొనేవాళ్ల దగ్గర ఆగలేదు, చెరువు గట్టుదాకా వచ్చింది. ఒక్క గుమ్మాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో ముత్తుకూరుకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

చట్టం కూడా మామ వైపే ఉంది. ఏమీ రాసుకోకుండా కలిసి వ్యాపారం చేస్తే 1932 నాటి భాగస్వామ్య చట్టం ఖాళీలు పూరిస్తుంది. లాభం సమానం, నష్టం సమానం. పని చేసినందుకు ఏ భాగస్వామికీ విడిగా జీతం లేదు. అంటే ఆరు గంటలు కొలిమి ముందు నిలబడిన మామకు ఆ 675 హక్కుగా రాదు, ముందే రాసుకుంటే తప్ప. వ్యాపారం పేరుతో అల్లుడు చేసిన అప్పుకు మామ ఇల్లు కూడా జవాబు చెప్పాలి. సంస్థను రిజిస్టరు చేయకపోతే, తనకు రావలసినదాని కోసం భాగస్వామి మీద దావా వెయ్యడం కూడా కష్టం. సొంత ఆస్తిదాకా రాకుండా కాచుకోవడానికి 2008 చట్టం కింద పరిమిత బాధ్యత భాగస్వామ్యం అనే దారి ఉంది. డజను కత్తుల వ్యాపారానికి ఆ ఖర్చు బరువే.

“మరి విశ్వకర్మ అప్పు?” అన్నాడు అల్లుడు. 2023 సెప్టెంబరులో మొదలైన ఆ కేంద్ర పథకంలో కమ్మరి పని ఉంది. పనిముట్లకు 15 వేలు, ముందు లక్ష, అది తీర్చాక రెండు లక్షల అప్పు, వడ్డీ 5 శాతం. మంచి బెల్టు గ్రైండరు కొంటే ఆరు గంటల పని నాలుగు గంటలకు దిగుతుంది. మామ దానికి సరేనన్నాడు. తన పేరు మీద వచ్చిన అప్పుతో కొన్న యంత్రం కూడా తనదేనని కాగితంలో ఉండాలన్నాడు.

“భాగం వద్దురా. నువ్వు నా దగ్గర కొను. 1,500 లెక్కన చేతిలో పెట్టు. రెండున్నర వేలకు అమ్ముకుంటావో అయిదు వేలకు అమ్ముకుంటావో నీ ఇష్టం.”

“అంత డబ్బు యాడుంది? పన్నెండింటికే సరిపోతుంది. 18 వేలు.”

“అయితే పన్నెండే.”

మామ షరతులు రెండు. అలుగు మీద తన ముద్ర పడాలి, షాపు పేరు కావాలంటే పిడి మీద వేసుకోవచ్చు. కత్తి కొన్నవాళ్ల పేరు, ఊరు తన నోటుపుస్తకంలోకి రావాలి. రెండోది షాపులు ఇష్టపడవని అల్లుడు గొణిగాడు. సాన పట్టడానికి ఎక్కడికి పంపుతారు మరి, అని మామ. నగరంలో కొన్నావిడ కత్తిని కడిగి తడిగా వదిలేస్తే వారానికి తుప్పు మరకలొస్తాయి. అప్పుడు ఆమె షాపు మీద అరుస్తుంది. ఏడాదిపాటు ఉచితంగా సాన అని చెబితే కత్తి కొలిమికి తిరిగొస్తుంది, దాంతోపాటు చిరునామా కూడా. అల్లుడు ఈ మాట ఫోనులో రాసుకున్నాడు.

అల్లుడి షరతు ఒక్కటే. షాపులో 2,500 ఉన్న కత్తిని కొలిమి దగ్గర 600కు ఇవ్వకూడదు. తెలిస్తే షాపువాడు సరుకు తీసుకోడు.

“ఊరోళ్లకు కూడానా?”

“ఊరోళ్లకు కత్తిపీట ఇయ్యి మామా, నీ రేటుకే. ఈ కత్తి మాత్రం వద్దు.”

మామ ఏమీ అనలేదు. అప్పుడే చేపలమ్మే ఆవిడ కత్తిపీట చంకలో పెట్టుకుని వచ్చింది, పొద్దున్నుంచి వంజరం కోసి కోసి అంచు మొద్దుబారిందట. చెక్కపీట మీద కొత్త కత్తి కనిపించింది. తీసి, బొటనవేలు అంచుకు అడ్డంగా రాసి చూసింది. కాలికింద పీట తొక్కిపెట్టి కోసే అలవాటు ఆమెది. చేతికత్తి బరువు కొత్తగా అనిపించినట్టుంది, రెండుసార్లు గాల్లో ఊపింది.

“ఎంతన్నా ఇది?”

ఆరొందలని ఒకరు, రెండున్నర వేలని ఇంకొకరు ఒకేసారి అన్నారు.

ఆవిడ ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసి కత్తి కింద పెట్టింది. కత్తిపీట ముందుకు తోసి, “ముందు దీని సంగతి చూడు, సాయంత్రం బేరాలు పోతుండాయి,” అంది.